కేబుల్ అబ్బాయి

"ఆ వైరు వదలండి."

"మీరే వదలండి. ముందు చెయ్యి వేసింది నేను."

"ముందు చూసింది నేను. అక్కడ్నుంచే చూశాను."

"ఎక్కడ్నుంచి?"

సిద్ధార్థ తల పైకెత్తి, ఎర్రగడ్డ రోడ్డు మీదుగా పోతున్న మెట్రో రైలును చూపించాడు.

ఆ అమ్మాయి రైలు వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది. "కదిలే రైల్లోంచి, ఈ గుట్టలో, ఈ వైరు కనిపించిందా మీకు?"

"అవసరం ఉన్నవాడికి కనిపిస్తుందండీ."

"నాకూ అవసరమే. నేను నడుచుకుంటూ వచ్చి చూశాను, పద్ధతిగా."

ఆదివారం సంత కిటకిటలాడుతోంది. రోడ్డు పక్కన పరిచిన టార్పాలిన్ మీద రెక్కల్లేని ఫ్యాన్లు, మూతల్లేని మిక్సీలు, ఏ టీవీవో తెలియని రిమోట్లు, వాటన్నిటి కిందా పాముల పుట్టలా వైర్లు. ఆ వైర్లలో ఒకదానికి ఈ చివర సిద్ధార్థ, ఆ చివర ఆ అమ్మాయి.

కొట్టు యజమాని రాములు బీడీ పక్కన పెట్టి ఇద్దర్నీ జాలిగా చూశాడు. "గది షుగర్ మిషన్ వైరన్నా. ఇద్దరికీ షుగరా? గింత చిన్న వయసుల!"

"షుగర్ మిషన్‌ది కాదు. ఇది ఆప్టికల్ కేబుల్," అన్నాడు సిద్ధార్థ.

"ఒక చివర చదరంగా, ఇంకో చివర హెడ్‌ఫోన్ పిన్నులా గుండ్రంగా ఉంటుంది," అంది ఆ అమ్మాయి.

ఇద్దరూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. ఈ వైరు పేరు తెలిసిన మనిషి ఇంకొకరు ఈ ఊళ్లో ఉన్నారని ఇద్దరిలో ఎవరూ ఊహించలేదు. జేబులో పట్టే పాత డిజిటల్ రికార్డర్లకి పెట్టుకునే కేబుల్ అది. దాంట్లో శబ్దం కరెంటుగా కాదు, వెలుతురుగా ప్రయాణం చేస్తుంది. రెండు చివరలూ చదరంగా ఉండేవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక చివర గుండ్రటిది కావాలంటే మాత్రం విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ఆ ధరకి ఇంకో రికార్డరే వస్తుంది.

"అసలు మీకెందుకిది?" అంది ఆ అమ్మాయి, కాస్త మెత్తబడి.

అదే సిద్ధార్థ కొంప ముంచింది. ఎవరైనా అడిగితే చాలు చెప్పుకుందామని అతను చాలా రోజులుగా కాచుకుని ఉన్నాడు.

"నేను ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకి సౌండు కలిపే మిక్సింగ్ థియేటర్‌లో పనిచేస్తానండీ. మా ప్రొడ్యూసర్‌కి ఎవరో పంతులు చెప్పాడట. సౌండు కరెంటు తీగలో వస్తే దోషం, వెలుతురు దారిలో వస్తే శుభం అని. ఇక చూస్కోండి, ఈయన నన్ను ఊరంతా తిప్పుతున్నాడు. మామూలు హెడ్‌ఫోన్ వైరుతో క్షణంలో అయ్యే పని! ఆ పంతులు గానీ దొరకాలి…"

"దొరికితే?"

"ఇదే వైరు ఆయన మెళ్లో వేసి…"

"వేసి?"

"దండం పెడతాను," అన్నాడు సిద్ధార్థ, ఆమె చూపు చూసి మాట మార్చి.

"ఆ పంతులుగారి పేరేంటి?"

"పరబ్రహ్మం అట. పేరుకి తగ్గట్టే ఎక్కడా కనపడడు, అన్నిటికీ కారణం ఆయనే."

"ఆయన మా తాతయ్య."

సిద్ధార్థ ఒక చేత్తో దండం పెట్టాడు. రెండో చేత్తో వైరు పట్టుకునే ఉన్నాడు.

"నా పేరు మైత్రేయి. ఇప్పుడు వదలండి."

"తాతయ్యగారంటే గౌరవం ఉందండీ. కానీ వైరు వదలను. దీనిమీద నా ఉద్యోగం ఉంది."

"దీనిమీద మా ఇంటి ప్రశాంతత ఉంది."

రాములు మూటలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. "ఆగుండ్రి. నడిమిట్ల కోసి చెరి సగం ఇస్తా. లొల్లి ఖతం."

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. "కోస్తే వెలుతురు ఆగిపోతుంది!"

రాములు ప్లయర్ దించి ఎండ వైపు చూశాడు. "జర నీడకు నిలబడుండ్రి," అన్నాడు దయగా.

అతను మొదట చెప్పిన ధర నవ్వొచ్చేంత తక్కువ. ఇద్దరూ ఎగబడ్డాక చెప్పింది ఏడుపొచ్చేంత. చివరికి చెరి సగం వేసుకుని ఉమ్మడిగా కొన్నారు.

"ముందు మా ఇంటికి. తర్వాత మీ స్టూడియోకి," అంది మైత్రేయి.

"ఎందుకట?"

"మీ స్టూడియోలో పనికి ముహూర్తం పెట్టేది ఎవరు?"

సిద్ధార్థ కేబుల్ చుట్టి ఆమె వెంట నడిచాడు.

* * *

ఆ ప్రొడ్యూసర్ వెంకటేశ్వరరావుగారు భీమవరం వైపు మనిషి. రొయ్యల చెరువుల మీద సంపాదించి, జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టి, సినిమాల్లోకి దిగాడు. మొదటి సినిమా ఆడింది. అందులో నాయికానాయకులు కాసేపు వానలో తడుస్తారు. ఆ వాన చప్పుడు ఆయన తన చిన్న రికార్డర్‌తో స్వయంగా పట్టింది. మధ్యాహ్నం కునుకులోంచి లేచేసరికి కిటికీ బయట జోరున వాన, వెంటనే బటన్ నొక్కేశాడట. తర్వాతి రెండు సినిమాలకీ ఎవరో రికార్డు చేసి అమ్మే రెడీమేడ్ వాన వాడారు. రెండూ పోయాయి.

కాబట్టి కొత్త సినిమాకి తన వానే కావాలన్నాడు. ఆ రికార్డర్ ఆయన పూజగదిలో, తాళం వేసిన వెండి పెట్టెలో ఉంది. ముహూర్తం రోజు దాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ పని సవ్యంగా అయితే సిద్ధార్థ పేరు మొదటిసారి తెర మీద పడుతుంది. కాకపోతే ఏమవుతుందో వెంకటేశ్వరరావుగారు చెప్పలేదు. చెయ్యి మాత్రం అడ్డంగా ఊపి చూపించాడు.

* * *

వెంగళరావు నగర్‌లో మైత్రేయి వాళ్ల ఇంటి తలుపు తీసింది ఆమె నానమ్మ లక్ష్మీకాంతమ్మ.

"కేబుల్ తెచ్చానండీ," అన్నాడు సిద్ధార్థ.

"వచ్చినవా నాయనా! వారం సంది చూస్తున్న. భక్తి చానల్ వస్తలేదు. దాని జాగల ఇంగ్లీషోళ్లు కుస్తీ పడుతున్నరు."

"అది కాదండీ, నేను…"

"కుస్తీ మంచిగనే ఉంది, కానీ పొద్దుగాల పూజ టైముల చూసుడెట్ల?"

మైత్రేయి లోపల్నుంచి వచ్చేసరికి సిద్ధార్థ స్టూలెక్కి చానల్ వెతుకుతున్నాడు. ఆ రోజు నుంచి అతను ఆ ఇంట్లో కేబుల్ అబ్బాయే.

పరబ్రహ్మంగారు పడక్కుర్చీలో ఉన్నారు. సినిమా పూజలకి, ముహూర్తాలకి ఆయన పేరు గట్టిది. ఒడిలో పాత రికార్డర్, పక్కన డిస్కుల డబ్బా. సిద్ధార్థ చేతిలోని కేబుల్ చూసి ఆయన కళ్లు పసిపిల్లాడి కళ్లలా మెరిశాయి.

"కూర్చో నాయనా. ముందు నా బాధ విను."

టీవీలో వచ్చే కచేరీలు రికార్డు చేసుకోవడం ఆయన వ్యసనం. ఇన్నాళ్లూ టీవీ ముందు మైకు పెట్టి పట్టేవారు. ఒకటి పెట్టి వినిపించారు. కల్యాణి రాగం మెల్లగా మెట్లెక్కుతోంది. గాయకుడు పైస్థాయిలో నిలబడబోయే సరిగ్గా ఆ క్షణంలో కుక్కర్ కూత వేసింది. గాయకుడు మళ్లీ పైకెక్కబోయాడు. "ఏమండీ, పాలాయన వచ్చిండు! చిల్లర ఉందా?" అంది లక్ష్మీకాంతమ్మ గొంతు. వయొలిన్ దానికి జవాబు చెప్పినట్టు కుయ్యిమంది.

"అన్నీ గిట్లనే," అన్నారు పరబ్రహ్మంగారు దీనంగా. "ఒక హిందోళంల అయితే మిరపకాయల బేరం మొత్తం ఉంది."

సిద్ధార్థ చదరపు చివర టీవీ పెట్టెకి, గుండ్రటి చివర రికార్డర్‌కి పెట్టాడు. గుండ్రటి చివర ఎర్రగా మిణుకుమంటోంటే పరబ్రహ్మంగారు చేతులు జోడించారు.

రోజూ సాయంత్రం ఒకసారి వచ్చి అంతా సరిగ్గా ఉందో లేదో చూడాలన్నారాయన. సిద్ధార్థకి అభ్యంతరం లేకపోయింది. మైత్రేయి పనిచేసే ఆఫీసు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరే. వచ్చేటప్పుడు ఆమెని బండి మీద తీసుకురావడానికీ అభ్యంతరం లేకపోయింది.

"మీ ఆఫీసులో ఏం చేస్తారు?"

"వినపడనివాళ్ల కోసం సినిమాలకి సబ్‌టైటిల్స్ రాస్తాను. మాటలే కాదు, చప్పుళ్లు కూడా. 'దూరంగా ఉరుము.' 'తలుపు కిర్రుమంది.' 'హీరో కోపంగా ఊపిరి వదిలాడు.'"

"మా హీరో ఎప్పుడూ కోపంగానే వదుల్తాడండీ."

"అందుకే ఒకసారి రాసి కాపీ చేస్తాను."

చినుకులు మొదలయ్యాయి. కృష్ణానగర్ మలుపులో ఒక షెడ్డు కింద ఆగారు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని మైత్రేయి అతన్ని ఓరగా చూసింది.

"ఇప్పుడు మీ గురించి రాయాలంటే, 'యువకుడు టీ ఊదుతున్నట్టు నటిస్తున్నాడు' అని రాయాలి."

"అందులో చప్పుడెక్కడుంది?"

"ఊదే చప్పుడు ఉండాలి. ఊదకుండా నన్నే చూస్తున్నారు కాబట్టి అదీ లేదు."

సిద్ధార్థ హడావుడిగా టీ తాగి నాలుక కాల్చుకున్నాడు. ఆమె నవ్వింది. ఆ సాయంత్రం నుంచి అతను జీతం రోజుకన్నా ఆ షెడ్డు దగ్గర వాన పడే రోజు కోసం ఎక్కువగా ఎదురుచూశాడు.

అంతా బాగానే ఉంది, సిద్ధార్థ నోరు జారేదాకా.

ఒక రోజు పరబ్రహ్మంగారు మొదటి పూర్తి కచేరీ అందరికీ వినిపించారు. శుభ్రంగా, అద్దంలా వచ్చింది. లక్ష్మీకాంతమ్మ వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. సిద్ధార్థకి ఉత్సాహం ఆగలేదు.

"చూశారా నానమ్మగారూ! మీరెంత అరవండి, ఇకమీదట మీ గొంతు ఒక్క ముక్క కూడా పడదు!"

లక్ష్మీకాంతమ్మ అతన్ని చూసింది. తర్వాత భర్తని చూసింది. "ఓహో. ఈ కేబుల్ గందుకా!" అంది.

ఆవిడ ఆడిన ఆఖరి మాట అదే. మర్నాటి నుంచి ఇంట్లో కుక్కర్ కూయలేదు, మిక్సీ తిరగలేదు. అన్నం గిన్నెలో, చప్పుడు లేకుండా వండింది. పాలాయన చిల్లర కోసం గుమ్మంలో నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. పరబ్రహ్మంగారు ఏది అడిగినా ఆవిడ గోడ వైపు చూసేది.

మైత్రేయి చెక్‌పోస్ట్ దగ్గర సిద్ధార్థ బండి ఎక్కలేదు. కేబుల్ చుట్టచుట్టి అతని చేతిలో పెట్టింది.

"మీ వంతు వచ్చింది. తీసుకోండి."

"నేను కావాలని అనలేదండీ…"

"తెలుసు. అందుకే ఇంకా కోపం. మా ఇంట్లో ఇప్పుడు వినడానికి ఏమీ లేదు. మీకు నచ్చుతుంది, చాలా క్లీన్ సౌండ్."

ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. సిద్ధార్థ కేబుల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి బండి తీయమనేదాకా.

* * *

ముహూర్తం రోజు ఉదయం ఫిల్మ్‌నగర్‌లోని మిక్సింగ్ థియేటర్ పెళ్లిపందిరిలా ఉంది. మిక్సింగ్ కన్సోల్‌కి బంతిపూల దండ. సిద్ధార్థ కుర్చీ చక్రాల కింద నిమ్మకాయలు. పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టిన కేబుల్. వెంకటేశ్వరరావుగారు పట్టుపంచెలో, వెండి పెట్టె గుండెలకి హత్తుకుని వచ్చాడు. పరబ్రహ్మంగారి వెంట సంచి పట్టుకుని మైత్రేయి కూడా వచ్చింది. సిద్ధార్థని తప్ప గదిలో అన్నిటినీ చూసింది.

కొబ్బరికాయ కొట్టారు. సిద్ధార్థ గుండ్రటి చివర రికార్డర్‌లో పెట్టి ప్లే నొక్కాడు. చదరపు చివర ఎర్రగా వెలగాలి. వెలగలేదు. తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. వెలగలేదు. అప్పుడు రికార్డర్ పక్కభాగం మీది కుంకుమ గోటితో గీకి, కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

"సార్, ఇది లోపలికి మాత్రమే."

"అంటే?"

"దీంట్లోకి వెలుతురు వెళ్తుంది సార్. దీంట్లోంచి రాదు. ఇలాంటి చిన్న రికార్డర్లు చాలావాటికి ఆ దారి పెట్టలేదు. పెట్టెలో ఉంచడంతో ముందు చూసుకోలేకపోయాను."

"వెళ్లిన దారిన వెనక్కి రమ్మను."

"రాదు సార్."

"ఎందుకు రాదయ్యా? మా రొయ్యల చెరువులో నీళ్లు ఏ తూములోంచి వచ్చాయో ఆ తూములోంచే పోతాయి!"

"ఇది చెరువు కాదు సార్."

వెంకటేశ్వరరావుగారి ముఖం దండలోని బంతిపూల రంగుకి తిరిగింది. "అయితే తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది. నీ జాతకంలో ఉంది. నీ పేరు టైటిల్స్‌లో తీసేస్తున్నా. రేపట్నుంచి రాకు."

సిద్ధార్థ కేబుల్ ఊడదీసి, కుంకుమ తుడిచి, మెల్లగా చుట్టసాగాడు.

"వెంకటేశ్వరరావుగారూ," అన్నారు పరబ్రహ్మంగారు. గొంతు సవరించుకున్నారు. మళ్లీ సవరించుకున్నారు. "ఆ పిలగాని జాతకంల ఏం లేదు. తప్పు నాది."

"మీదేంటండీ?"

"వెలుతురు దారి, శుభం, అదంతా నేను పుట్టించిన ముచ్చట. ఏ శాస్త్రంల లేదు. నాకా కేబుల్ కావాలె. కొందామంటే అందుబాటుల లేదు. మీరేమో రోజూ ఫోన్ చేసి, ఏదన్న పరిహారం చెప్పమని పాణం తీస్తిరి. సినిమావాళ్లయితే ఎట్లన్న సంపాదిస్తరు, తర్వాత అడిగి తీసుకుందామనుకున్న."

"తాతయ్యా!" అంది మైత్రేయి.

"మరి గ్రహాలు?" అన్నాడు వెంకటేశ్వరరావుగారు, బెంగగా.

"గ్రహాలకు మీ సినిమాతో పని లేదండీ. వాటి తిరుగుడే వాటికి సరిపోతది."

వెంకటేశ్వరరావుగారు కూలబడ్డాడు. కూలబడ్డ కుర్చీ కింద నిమ్మకాయ నలిగింది. సిద్ధార్థ ఒక్క క్షణం ఆలోచించి, సొరుగులోంచి మామూలు హెడ్‌ఫోన్ వైరు తీసి రికార్డర్‌కి గుచ్చాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది, వాన అన్నా విందామనుకున్నాడు.

వాన వచ్చింది. థియేటర్ స్పీకర్లన్నిటి నిండా, నాలుగు గోడల మీదా జోరున కురిసింది. వెంకటేశ్వరరావుగారు కళ్లు మూసుకున్నాడు. "అదీ! అదే నా వాన!" ఆయన ఇన్నాళ్లూ ఇక్కడిదాకానే విని ఆపేసేవాడు. సిద్ధార్థ ఆపలేదు.

వాన మధ్యలో ఒక ఆడగొంతు పలికింది. "ఏవండీ! లేవండి. ఇదే ఆఖరి వాయి. గారెలు చల్లారిపోతున్నాయి."

వెంకటేశ్వరరావుగారి కళ్లు తెరుచుకున్నాయి.

"అది మా రాజ్యం గొంతే," అన్నాడు వెంకటేశ్వరరావుగారు. భార్య రాజ్యలక్ష్మికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. "రాజ్యం, ఆ రోజు వాన పడిందా?"

"ఏ రోజండీ?"

"నేను పడుకుని లేచి రికార్డు చేసిన రోజు."

"నడి వేసవిలో వానేంటండీ? మినప్పప్పు నానబోశానని గారెలు వేశాను. మీరేమో కిటికీ దగ్గర ఆ డబ్బా పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఉల్లిపాయల ఘాటేమో అనుకున్నాను."

మైత్రేయి గొంతు మెల్లగా వినిపించింది. "'నూనెలో గారెలు వేగుతున్న శబ్దం.'"

సిద్ధార్థ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా ఆపుకోలేదు. చాలా రోజుల తర్వాత ఆమె అతని ముఖంలోకి చూసింది.

వెంకటేశ్వరరావుగారు మాత్రం నవ్వలేదు. తీవ్రంగా ఆలోచిస్తున్నాడు. "అంటే నా మొదటి సినిమా ఆడింది వాన వల్ల కాదు."

"కాదు సార్."

"నిజం వాన వాడిన రెండూ పోయాయి."

"పోయాయి సార్."

"అయితే ఆడింది గారెల వల్ల! ఈ సినిమాలో హీరో చాలాసేపు తడుస్తాడు, ఈ ముక్క చాలదు. రాజ్యం, వెంటనే పప్పు నానబొయ్యి!"

"నూనె వద్దని డాక్టరుగారు చెప్పాక మూకుడు అటకెక్కించానండీ. ఇప్పుడన్నీ ఎయిర్ ఫ్రయ్యర్‌లోనే."

"దాంట్లో చప్పుడు రాదే!"

"రాదండీ. రుచీ రాదు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పరబ్రహ్మంగారు నేల చూపులు చూస్తూ అన్నారు. "గారెలంటే మా కాంతమే చెయ్యాలె. కానీ ఆమె మాట్లాడుత లేదు."

"మాట్లాడకపోతేనే కదండీ మనక్కావలసింది!" అన్నాడు వెంకటేశ్వరరావుగారు, లేచి నిలబడి. తర్వాత సిద్ధార్థ వైపు తిరిగాడు. "నువ్వు ఆవిణ్ణి ఒప్పిస్తే రేపు రా. ఎల్లుండీ రా."

మెట్లు దిగుతుంటే మైత్రేయి అతని పక్కకి వచ్చింది. "తప్పు తాతయ్యది. కోపం మీమీద చూపించాను."

"ఆ మాట అన్నది మాత్రం నేనేగా."

"అవును," అంది మైత్రేయి. "అందుకే పూర్తిగా సారీ చెప్పట్లేదు."

* * *

లక్ష్మీకాంతమ్మ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సిద్ధార్థ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మైత్రేయి గుమ్మానికి ఆనుకుంది.

"నానమ్మగారూ, ఆ రోజు గొప్పగా అన్నాను. మీకు బాధేస్తుందని తట్టలేదు. నాకు చప్పుళ్లు వినిపించినంత బాగా మనుషులు వినిపించరు. మా అమ్మ కూడా అదే అంటుంది."

లక్ష్మీకాంతమ్మ గిన్నె మీద మూత పెట్టింది. ఠంగున.

అతను మైత్రేయి వైపు చూశాడు. "అర్థం?"

"'మూత చప్పుడు.' అంటే, మీ అమ్మ చెప్పింది నిజమే, కానివ్వమని."

"తాతగారి పాత రికార్డింగులు తీసుకెళ్లి మళ్లీ విన్నానండీ. కొత్తది బాగుంది. కానీ అది ఎవరింట్లోదైనా కావచ్చు. పాతవి వింటే ఇది మీ ఇల్లని తెలుస్తుంది. మిరపకాయల బేరం నేను మూడుసార్లు విన్నాను. మీరు గెలిచారు."

లక్ష్మీకాంతమ్మ పెదవి కొస కొంచెం కదిలింది. ఆవిడ లేచి, పై అరలోంచి ఒక పెద్ద డబ్బా దింపి, గట్టు మీద దభీమని పెట్టింది.

"'మినప్పప్పు డబ్బా,'" అంది మైత్రేయి. "ఒప్పుకుంది. కానీ కోపం అలాగే ఉంది."

* * *

రికార్డింగ్ రోజు ఆ ఇంట్లో ఫ్యాన్లు ఆపారు. ఫ్రిజ్ ఆపారు. గోడ గడియారం దించి దుప్పట్లో చుట్టారు. పరబ్రహ్మంగారిని దగ్గొస్తే మింగమన్నారు. వెంకటేశ్వరరావుగారు చెప్పులు బయట విడిచి, హాల్లో స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వంటింట్లో లక్ష్మీకాంతమ్మ గారెలు తడుతోంది. మైత్రేయి జల్లిగరిటె పట్టుకుని తిప్పుతోంది. సిద్ధార్థ మూకుడు పక్కన మైకు పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మొదటి గారె నూనెలో జారింది. సిద్ధార్థ చెవుల్లో శ్రావణమాసం మొదలైంది.

కళ్లెత్తితే ఎదురుగా మైత్రేయి. నుదుటి మీద చెమట, చెంప మీద పిండి. జల్లిగరిటె కదిలినప్పుడల్లా ఆమె గాజులు వానలో దూరంగా ఏదో గుడిగంట మోగినట్టు అతని చెవుల్లో మోగుతున్నాయి. ఆమె కూడా అతన్నే చూస్తోంది. జల్లిగరిటె ఆగిపోయింది.

అదే సమయానికి బయట నిజం వాన అందుకుంది. రేకుల మీద దబదబా మొదలెట్టింది. వెంకటేశ్వరరావుగారు ఉలిక్కిపడి బాల్కనీలోకి పరిగెత్తాడు.

"ఆపండయ్యా! ఎవరక్కడ! లోపల వాన పాడైపోతోంది!" అని ఆకాశం మీద కేకలేశాడు. ఆకాశం వినలేదు. ఆయన నిలువునా తడిశాడు.

సిద్ధార్థకి ఇవేవీ వినపడలేదు. మైత్రేయికి మాడు వాసన తెలియలేదు.

"ఏమే మైత్రీ!" అంది లక్ష్మీకాంతమ్మ. "గారెలు మాడుతున్నయ్. ఆ పిలగాన్నన్న చూడు, లేకుంటే మూకుట్లకన్న చూడు. రెండూ కావు."

హాల్లోంచి పరబ్రహ్మంగారు పరుగున వచ్చారు. "కాంతం! మాట్లాడినవా!"

"మీరాగండి. మీతోని కాదు." ఆవిడ సిద్ధార్థ చెవి మీది హెడ్‌ఫోన్ ఒకటి పక్కకి జరిపింది. "ఏమయ్యా కేబుల్ అబ్బాయి, మా పిల్లంటే నీకు ఇష్టమా? నసుగుడు కాదు, సాఫ్ చెప్పు."

"రికార్డింగ్ అవుతోందండీ…"

"కానీ. ఈసారి నా గొంతు పడాలె."

సిద్ధార్థ మైకు దించలేదు. "ఇష్టమండీ. చాలా. చెబుదామనుకున్న రోజే కేబుల్ నా చేతిలో పెట్టి ఆటో ఎక్కేసింది."

"నన్నడగవేం నానమ్మా?" అంది మైత్రేయి.

"నిన్నేమడిగేది? మాడిన గారె చెప్తలేదా?"

మైత్రేయి స్టవ్ ఆపేసింది. చెంప తుడుచుకోబోయి ఇంకాస్త పిండి పూసుకుంది. "నాకూ ఇష్టమే," అంది అతనితో నేరుగా. "కానీ నేను చప్పుడు చేయనప్పుడు కూడా వినాలి. చేతనవుతుందా?"

"నేర్చుకుంటాను."

పరబ్రహ్మంగారు భార్య వంక చూశారు. "కాంతం, ఆ కేబుల్ తీసి బయట పారెయ్యమంటవా?"

"ఎందుకు? కచేరీ దానితోనే పట్టండి. కానీ మధ్యల ఒకసారి నేను వచ్చి కూచుంట. ఏం రాగమో నాకు కూడ చెప్పాలె. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పిండ్రా?"

పరబ్రహ్మంగారు తల అడ్డంగా ఊపి, వెంటనే నిలువుగా ఊపారు.

పంచె పిండుకుంటూ వెంకటేశ్వరరావుగారు లోపలికొచ్చాడు. "ఏమైంది? పడిందా వాన?"

"పడింది సార్," అన్నాడు సిద్ధార్థ.

బయటి వాన వెలిశాక, మాడినవి పక్కన పెట్టి, లక్ష్మీకాంతమ్మ మైకు ముందు కొత్త వాయి వేసింది. ఇంటికొచ్చిన అతిథి కదా అని మొదటి గారె వెంకటేశ్వరరావుగారికే పెట్టింది. డాక్టరు పేరు ఎవరూ ఎత్తలేదు.

* * *

తర్వాత ఏలూరు నుంచి సిద్ధార్థ అమ్మానాన్నా, కరీంనగర్ నుంచి మైత్రేయి అమ్మానాన్నా వచ్చారు. నాలుగు మాటలు అనుకునేలోపే లక్ష్మీకాంతమ్మ అన్నీ మాట్లాడేసింది. నిశ్చితార్థం, సినిమా విడుదల దగ్గర దగ్గరగా పడ్డాయి. రెండిటికీ ముహూర్తం పరబ్రహ్మంగారే పెట్టారు. ఈసారి శాస్త్రం చూసి పెట్టానని ఒట్టేశారు.

మొదటి ఆటకి రెండు కుటుంబాలవాళ్లూ ఒకే వరసలో కూర్చున్నారు. తెర మీద సిద్ధార్థ పేరు పడితే వాళ్లమ్మ ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు.

సినిమా నడిచింది. వాన సీను వచ్చింది. హీరో తడుస్తున్నాడు. హీరోయిన్ ఏడుస్తోంది. హాలంతా జోరుగా వాన. ముందు వరసలో ఒకాయన కుర్చీలో కదిలాడు. లేచాడు. అతని వెనక ఇద్దరు లేచారు. చూస్తుండగానే వరసలకి వరసలు తలుపుల వైపు నడవసాగాయి.

వెంకటేశ్వరరావుగారు గుండె పట్టుకుని ఒకాయన్ని ఆపాడు. "ఏం బాబూ, వాన సీను నచ్చలేదా?"

"మస్తుంది సార్, ఏడుపొస్తుంది," అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ. "ఎందుకో ఆకలి కూడా అయితుంది. క్యాంటీన్‌ల ఏమన్న దొరుకుతదేమో చూసొస్త."

చీకట్లో మైత్రేయి సిద్ధార్థ భుజానికి తల ఆనించింది. అందరికీ వినపడకూడదని, అస్సలు చప్పుడు చేయకుండా నవ్వింది.

సిద్ధార్థకి వినిపించింది.